పొడవు, చేతి జోరు: కుర్ర క్వార్టర్‌బ్యాక్‌ని ఎంతవరకు కొలవగలం?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో జట్లు ఏటా కాలేజీ కుర్రాళ్లను వంతులవారీగా ఎంచుకుంటాయి, దాన్నే డ్రాఫ్ట్ అంటారు. 2021 డ్రాఫ్ట్‌లో శాన్‌ఫ్రాన్సిస్కో ఫార్టీనైనర్స్ జట్టు ట్రే లాన్స్ అనే కుర్రాడి కోసం చాలా పెద్ద మూల్యం చెల్లించింది. మూడో స్థానానికి ఎగబాకడానికి మూడేళ్ల మొదటి రౌండ్ వంతులను మయామీకి ఇచ్చేసింది. ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, వంద కిలోల పైన బరువు, బంతి విసిరితే గాలి చీలినట్టుండే చెయ్యి, దానికి తోడు మంచి పరుగు. క్వార్టర్‌బ్యాక్, అంటే బంతి విసిరి జట్టు దాడిని నడిపేవాడు, ఇలా ఉండాలని ఆటగాళ్లను వెతికే స్కౌట్లు రాసుకునే చిట్టాలో లేనిదేదీ అతనిలో లేదు, ఒక్క అనుభవం తప్ప. కాలేజీలో అతను మొదలుపెట్టిన, అంటే ఆరంభం నుంచే క్వార్టర్‌బ్యాక్‌గా దిగిన, మ్యాచ్‌లు మొత్తం 17.

మరుసటి ఏడాది అదే జట్టు, అదే కోచ్ కైల్ షనహాన్, డ్రాఫ్ట్‌లో అందరికన్నా చివర మిగిలిన 262వ వంతుతో బ్రాక్ పర్డీని తీసుకున్నారు. ఆ చివరి స్థానంలో వచ్చినవాడిని అమెరికాలో సరదాగా ‘మిస్టర్ ఇర్రెలెవెంట్’ అంటారు, అంటే లెక్కలోకి రానివాడని. పొడవు ఆరడుగుల ఒక అంగుళానికి వెంట్రుకవాసి తక్కువ. చెయ్యి ఫరవాలేదు, అంతే. కానీ అయోవా స్టేట్ కాలేజీ జట్టులో నాలుగేళ్లపాటు ఆడి ఆడి వచ్చాడు.

లాన్స్ ఆ జట్టుకు మొదలుపెట్టినవి నాలుగే మ్యాచ్‌లు. 2022 సెప్టెంబరులో చీలమండ విరిగింది. 2023 ఆగస్టులో అతన్ని ఒక నాలుగో రౌండ్ వంతుకు డాలస్ కౌబాయ్స్‌కి ఇచ్చేశారు. కౌబాయ్స్ స్థావరం ఫ్రిస్కోలో ఉంది. ఆ చుట్టుపక్కల మనవాళ్లు ఎందరున్నారో వేరే చెప్పక్కర్లేదు, ఆ బేరం మీద అక్కడి తెలుగిళ్లలో కూడా వాదనలు నడిచే ఉంటాయి. పర్డీ మాత్రం 2024 ఫిబ్రవరిలో జట్టును లీగ్ తుదిపోరు సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లాడు. కాన్సస్ సిటీ చేతిలో అదనపు సమయంలో 25-22 తేడాతో ఓడిపోయాడు.

ఈ కథ చెప్పి ‘చూశారా, పొడవూ బలమూ దండగ’ అని తేల్చేయడం చాలామందికి ఇష్టం. అంత తేలిగ్గా తేలే విషయమైతే 32 జట్ల యజమానులు ఏటా కోట్ల డాలర్లు పెట్టి ఇదే ప్రశ్న చుట్టూ తిరగరు. నాకు అర్థమైనంతలో, పొడవు గురించి స్కౌట్లు అవసరానికి మించి బెంగపడతారు. చేతి జోరుకు విలువ ఉంది గాని, ఆ విలువ ఒక గీత దాటేవరకే ఎక్కువ. ఆ గీత దాటాక కుర్రాడి భవిష్యత్తును తేల్చేవి వేరే. అందులో ఒకటి అసలు కుర్రాడి చేతిలోనే లేదు.

అమెరికన్ ఫుట్‌బాల్ అలవాటు లేనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతిని వెనక్కి అందించిన క్షణం నుంచి క్వార్టర్‌బ్యాక్‌కి దొరికే సమయం దాదాపు రెండున్నర, మూడు సెకన్లు. ముందు అయిదుగురు భారీకాయులు అతనికి కాపలా కాస్తుంటారు, అవతల నుంచి మరికొందరు భారీకాయులు అతన్ని పడగొట్టడానికి దూసుకొస్తుంటారు. ఆ మధ్యలో ఏర్పడే కొద్దిపాటి చోటునే పాకెట్ అంటారు. అందులో నిలబడి, నాలుగైదు దిక్కులకు పరుగెత్తే తన రిసీవర్లలో (పాస్ అందుకునేవాళ్లలో) ఎవరు ఖాళీగా దొరుకుతారో తేల్చుకుని బంతి వదలాలి. కోచ్ మాట హెల్మెట్‌లోని రేడియోలో వినిపిస్తుంది గాని, ప్రతిసారీ బంతి కదలడానికి ఇచ్చిన గడువులో 15 సెకన్లు మిగిలి ఉండగానే అది ఆగిపోతుంది. ఆ తర్వాత ఎదుటి డిఫెన్స్ వ్యూహం మార్చినా దాన్ని పసిగట్టాల్సింది అతనొక్కడే.

ముందు పొడవు సంగతి చూద్దాం. కాపలా కాసే లైన్‌మెన్ సగటున ఆరడుగుల అయిదంగుళాల వాళ్లు, పైన హెల్మెట్ ఒకటి. వాళ్ల తలల మీదుగా చూడాలంటే ఆరడుగుల నాలుగంగుళాలవాడికీ కుదరదు. పొడుగువాడైనా పొట్టివాడైనా మనుషుల మధ్య సందుల్లోంచే చూస్తాడు, సందుల్లోంచే విసురుతాడు. పొడవు వల్ల లాభం బొత్తిగా లేదని కాదు. బంతి చేతిని వదిలే ఎత్తు కొంచెం పెరుగుతుంది, మైదానం మధ్యభాగం ఇంకాస్త బాగా కనబడుతుంది. సియాటిల్‌లో సూపర్ బౌల్ గెలిచిన రసెల్ విల్సన్ ఆరడుగులు కూడా లేడు. మధ్యభాగంలోకి పాస్‌లు తక్కువగా వేస్తాడని అతని మీద విమర్శకులకు ఎప్పుడూ ఒక ఫిర్యాదు ఉండేది.

అయితే ఆ లోటును జట్టు కూర్చుకోవచ్చు. దీనికి డ్రూ బ్రీస్ కన్నా మంచి ఉదాహరణ లేదు. సరిగ్గా ఆరడుగులవాడు. 2001లో శాన్‌డియాగో రెండో రౌండ్‌లో తీసుకుంది, మూడేళ్లకే ఆరడుగుల అయిదంగుళాల ఫిలిప్ రివర్స్‌ని తెచ్చి పక్కన కూర్చోబెట్టింది. 2005 చివరి మ్యాచ్‌లో బ్రీస్ బంతి విసిరే భుజం ఛిద్రమైంది. పొట్టివాడు, పైగా భుజం పోయినవాడు! మయామీ డాల్ఫిన్స్ వైద్యులు పరీక్షించి ససేమిరా అన్నారు. మయామీ బదులుగా డాంటే కల్పెపర్‌ని తెచ్చుకుంది. ఆరడుగుల నాలుగంగుళాల పొడవు, తిరుగులేని చెయ్యి. మోకాలి గాయం నుంచి అతనూ అప్పుడే కోలుకుంటున్నాడు, కానీ ఆకారం భరోసా ఇచ్చినట్టుంది. కల్పెపర్ మయామీకి ఆడింది నాలుగే మ్యాచ్‌లు. బ్రీస్ న్యూ ఆర్లియన్స్ వెళ్లి, 2010 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచి, 80,358 గజాల పాస్‌లతో ఆట ముగించాడు.

న్యూ ఆర్లియన్స్ ఏం చేసిందో చూడండి. చాలా జట్లు ఎక్కువ డబ్బు పెట్టేది అంచుల్లో నిలబడే టాకిల్స్ మీద. న్యూ ఆర్లియన్స్ జట్టు సెయింట్స్ మాత్రం మధ్యలో నిలబడే గార్డుల మీద దృష్టి పెట్టారు. జాహ్రీ ఎవాన్స్, కార్ల్ నిక్స్ లాంటివాళ్లు ముందువైపు గోడ కూలకుండా నిలబెట్టారు. ముందు గోడ వెనక్కి రాకపోతే బ్రీస్‌కి అడుగు ముందుకేసే చోటు దొరుకుతుంది, ఎదుటివాళ్ల చేతులు అతని చూపుకి అడ్డం పడవు. పైగా సొంత మైదానం పైకప్పున్న స్టేడియం. వానా గాలీ లేవు. అంటే పొట్టి క్వార్టర్‌బ్యాక్ గెలిచాడన్న మాట నిజమే గాని, అతని చుట్టూ ఎవరెవరు ఉన్నారో చూడకుండా ఆ మాట అనకూడదు.

ఇక చేతి జోరు. ఇందులో మాటలకన్నా లెక్క బాగా పనిచేస్తుంది. క్వార్టర్‌బ్యాక్ ఏడు గజాలు వెనక్కి వచ్చి, మైదానం అవతలి అంచుకు, పదిహేను గజాల ముందున్న రిసీవర్‌కి బంతి వేయాలనుకుందాం. ఈ పాస్‌తోనే స్కౌట్లు చేతిని పరీక్షిస్తారు. కాగితం మీద పదిహేను గజాలే గాని, మైదానం వెడల్పు 53 గజాల పైచిలుకు కాబట్టి ఏటవాలుగా బంతి ప్రయాణించేది దాదాపు 35 గజాలు. గంటకు 55 మైళ్ల వేగంతో విసిరితే 1.30 సెకన్లలో చేరుతుంది. 50 మైళ్లతో విసిరితే 1.43 సెకన్లు. గాలి తగ్గించే వేగాన్ని పక్కనపెడితే తేడా 0.13 సెకను. సెకనుకు ఎనిమిది గజాలు పరుగెత్తే డిఫెండర్ ఆ వ్యవధిలో గజం పైన దూరం మింగేస్తాడు. గజం అంటే, పాస్ అందడానికీ ఎదుటివాడి చేతిలో పడడానికీ మధ్య ఉండే దూరం.

కాబట్టి జోరు ఉత్త ముచ్చట కాదు. కానీ లెక్కను ఇంకోవైపు నుంచి చూడండి. ఆ 0.13 సెకను ముందే బంతి వదిలేసినవాడికి కూడా అదే గజం దక్కుతుంది. రిసీవర్ ఇంకా మలుపు తిరగకముందే, ఎక్కడ తిరుగుతాడో తెలిసి, అక్కడికి బంతి పంపేవాళ్లు ఉంటారు. బలమైన చెయ్యి ఆలస్యాన్ని మన్నిస్తుంది, అదీ గజం మేరకే. తప్పు మనిషిని ఎంచుకుంటే దాన్ని మన్నించే చెయ్యి ఇంతవరకు పుట్టలేదు. డిఫెన్స్ పన్నిన ఉచ్చులోకి 60 మైళ్ల వేగంతో విసిరితే ఉచ్చులోకి ఇంకా త్వరగా చేరుతుంది, అంతే తేడా.

2007లో ఓక్లాండ్ రైడర్స్ అందరికన్నా ముందు తీసుకున్న జమార్కస్ రసెల్ తడబడింది ఇక్కడే. ఆరడుగుల ఆరంగుళాలు, దాదాపు 120 కిలోలు, ఆ తరంలోనే అతి బలమైన చెయ్యి. 150 కిలోమీటర్ల వేగంతో బంతులేసే కుర్రాడు కనబడితే మన క్రికెట్ సెలెక్టర్లు లైన్, లెంగ్త్ సంగతి తర్వాత చూసుకుందాం అనుకున్నట్టే, అతన్ని చూసినవాళ్లూ మిగతాదంతా నేర్పుకోవచ్చు అనుకున్నారు. మొదలుపెట్టిన 25 మ్యాచ్‌ల్లో గెలిచినవి 7. 18 టచ్‌డౌన్లు (పాయింట్లు తెచ్చిపెట్టిన పాస్‌లు), 23 ఇంటర్‌సెప్షన్లు (ఎదుటివాళ్ల చేతిలో పడ్డ పాస్‌లు). 2010లో జట్టు వదిలేసింది, మళ్లీ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడలేదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు ర్యాన్ లీఫ్‌దీ దాదాపు ఇదే దారి. పేటన్ మానింగ్ కన్నా అతని చెయ్యే బలమైనదని 1998లో గట్టిగా వాదించినవాళ్లు తక్కువేమీ కాదు.

ఆ మానింగ్ జీవితమే ‘ఒక గీత దాటేవరకు’ అన్న మాటకు నా దగ్గరున్న గట్టి సాక్ష్యం. మెడకు పలుమార్లు శస్త్రచికిత్స జరిగి 2011 సీజన్ మొత్తం ఆడలేదు. డెన్వర్‌లో తిరిగి మొదలుపెట్టేసరికి పాత జోరు లేదు, పాస్‌లు వణుకుతూ వెళ్లేవి. అదే చెయ్యితో 2013లో 55 టచ్‌డౌన్ పాస్‌లు, 5,477 గజాలు. రెండూ అప్పటికి రికార్డులు. ఎదుటివాళ్లు ఏం చేయబోతున్నారో వాళ్లకన్నా ముందే చదివి బంతి వదిలేసేవాడు. రెండేళ్లు గడిచేసరికి వయసు 39, పాదానికి గాయం, చెయ్యి మరింత తగ్గింది. 2015లో 9 టచ్‌డౌన్లు, 17 ఇంటర్‌సెప్షన్లు. ఆ ఏడాది డెన్వర్ సూపర్ బౌల్ గెలిచింది డిఫెన్స్ పుణ్యమా అని. మనిషి అతనే, బుర్ర అదే. చెయ్యి ఒక మట్టం కిందికి దిగాక ఆ బుర్ర కూడా పూర్తిగా కాపాడలేకపోయింది.

అంటే మట్టం కింద ఉన్నవాడికి చెయ్యే అంతా. మట్టం పైన ఉన్నవాళ్లలో ఒకడు 55 మైళ్లు, ఇంకొకడు 58 మైళ్లు విసిరితే ఆ మూడు మైళ్ల గురించి రాత్రుళ్లు నిద్ర మానుకోవాల్సిన పనిలేదు. ఆ మట్టం కూడా ఊరిని బట్టి మారుతుంది. డిసెంబరులో బఫలో గాలిలో ఆడేవాడికీ, న్యూ ఆర్లియన్స్ పైకప్పు కింద ఆడేవాడికీ ఒకే చెయ్యి సరిపోదు.

గణాంకాల సంగతి కొంచెం జాగ్రత్తగా చూడాలి. డేవిడ్ బెరీ, రాబ్ సిమన్స్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. పొడవులాంటి కొలతలు క్వార్టర్‌బ్యాక్ ఏ స్థానంలో ఎంపికవుతాడో నిర్ణయించడంలో పనిచేస్తున్నాయి గాని, ఎంపికయ్యాక ఎలా ఆడతాడో చెప్పడంలో పెద్దగా పనిచేయడం లేదని తేల్చారు. దీన్ని పట్టుకుని స్కౌట్లను వెక్కిరించినవాళ్లు చాలామంది. కానీ ఇందులో ఒక చిక్కుంది. లెక్కలోకి వచ్చింది ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఆడే అవకాశం దొరికినవాళ్లు మాత్రమే. ఆఖరి రౌండ్లలో వచ్చినవాళ్లలో చాలామందికి బంతి ముట్టే అవకాశం పెద్దగా రాదు. వచ్చినవాడంటే సాధనలో ఎవరో కోచ్‌ని మెప్పించినవాడన్నమాట. వాళ్లను మొదటి రౌండ్ కుర్రాళ్లతో పోల్చితే ఇద్దరూ సమానంగానే కనబడతారు మరి.

పొడవు దగ్గర కూడా ఇదే మాయ. ద్వారం దగ్గర పొట్టివాళ్లను అదనంగా వడగడితే, లోపలికి వచ్చే పొట్టివాడు మిగతా అన్నింట్లో అసాధారణుడై ఉంటాడు. లోపలున్నవాళ్లను మాత్రమే చూసేవాడికి పొడవుకీ విజయానికీ సంబంధమే లేదనిపిస్తుంది. డగ్ ఫ్లూటీని గుర్తు చేసుకోండి. అయిదడుగుల పదంగుళాలు. 1984లో కాలేజీ ఆటలో అత్యున్నతమైన హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు, మరుసటి ఏడాది ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌లో పదకొండో రౌండ్ దాకా అతని పేరు పిలవలేదు. కెనడా వెళ్లి అక్కడి లీగ్‌లో ఆరుసార్లు అత్యుత్తమ ఆటగాడయ్యాడు. 1998లో బఫలోకి తిరిగొచ్చి, లీగ్‌లోని మేటి ఆటగాళ్లు ఆడే ప్రో బౌల్‌కి ఎంపికయ్యాడు. అప్పటికి 36 ఏళ్లు. అతనిలా పక్కకు నెట్టేసినవాళ్లు, కెనడా దాకా కూడా వెళ్లలేనివాళ్లు ఏ పట్టికలోనూ కనబడరు.

ఇప్పుడు ద్వారం వెడల్పయింది. 2018లో బేకర్ మేఫీల్డ్, 2019లో కైలర్ మరే, 2023లో బ్రైస్ యంగ్, ముగ్గురూ మొదటి స్థానంలోనే వెళ్లారు. మేఫీల్డ్ ఆరడుగులు దాటాడు, మిగతా ఇద్దరూ అయిదడుగుల పదంగుళాలు. వడపోత సడలింది కాబట్టి ఇకమీద పొట్టి క్వార్టర్‌బ్యాక్‌లందరూ బ్రీస్‌లు కారు. కొందరు మామూలువాళ్లు ఉంటారు, కొందరు విఫలమవుతారు. అది పొడవు తప్పని అప్పుడు మళ్లీ ఎవరో అంటారు. పొడుగువాళ్లు ఎన్నాళ్ల నుంచో విఫలమవుతూనే ఉన్నారు, వాళ్ల పొడవును ఎవరూ తప్పుపట్టలేదు.

నా వాదనకు గట్టిగా అడ్డుపడేవాడు ఒకడున్నాడు: జాష్ అలెన్. 2018లో వయోమింగ్ కాలేజీ జట్టు నుంచి బఫలోకి వచ్చేటప్పటికి ఆరడుగుల అయిదంగుళాలు, ఫిరంగి లాంటి చెయ్యి, గురి మాత్రం అంతంత. కాలేజీలో వేసిన పాస్‌ల్లో చేరినవి 56 శాతం. గురి నేర్పితే వచ్చేది కాదని చాలామంది విశ్లేషకులు పెదవి విరిచారు. మొదటి ఏడాది 52.8 శాతంతో వాళ్లే గెలిచినట్టు కనబడింది. రెండో ఏడాది 58.8. మూడో ఏడాది 69.2! 2024 సీజన్‌కి లీగ్ అత్యుత్తమ ఆటగాడు అతనే.

ఇది చెయ్యి గెలిచిన కథేనా? కొంతవరకు అవును. పాస్ చేరకపోయినా కాళ్లతో, చేతి జోరుతో ఏదో ఒకటి చేయగలిగాడు కాబట్టే నేర్చుకునేదాకా జట్టులో నిలిచాడు. ఆ మన్నింపు పర్డీలాంటివాడికి దొరకదు. కానీ ఆ రెండేళ్లలో బఫలో ఏం చేసిందో కూడా చూడాలి. బ్రయన్ డాబోల్ అనే ఒకే శిక్షకుడి కింద ఒకే పద్ధతిలో ఆడనిచ్చింది, అలెన్ కాలి అడుగుల దగ్గర నుంచి విసురు సరిదిద్దుకున్నాడు, 2020లో స్టెఫాన్ డిగ్స్ లాంటి రిసీవర్‌ని తెచ్చి పక్కన నిలబెట్టింది. అలెన్ తర్వాత ప్రతి జట్టూ ఇంకో అలెన్ కోసం వెతకడం మొదలుపెట్టింది. ఇండియానాపోలిస్ 2023లో నాలుగో స్థానంలో ఆంథనీ రిచర్డ్‌సన్‌ని తీసుకుంది. కాలేజీలో 13 మ్యాచ్‌లు మొదలుపెట్టిన అనుభవం, అబ్బురపరిచే దేహం. మొదటి ఏడాది నాలుగు మ్యాచ్‌లకే భుజం దెబ్బతింది, 2024లో చేరిన పాస్‌లు 47.7 శాతం, మధ్యలో బెంచీ. అలెన్ ఒకడున్నాడని ప్రతి అలెన్ ఆకారానికీ అదే భవిష్యత్తు రాసిపెట్టలేదు.

2018 డ్రాఫ్ట్ మొదటి రౌండ్‌లో వచ్చిన అయిదుగురినీ వరసగా నిలబెడితే ఇంకో సంగతి బయటపడుతుంది. స్కౌట్ల మాటల్లో వాళ్లందరిలోకీ బంతి అందంగా విసిరేది, ఆటకు అందరికన్నా సిద్ధంగా ఉన్నది జాష్ రోజన్. పొడవు కూడా ఆరడుగుల నాలుగంగుళాలు. పదో స్థానంలో అతన్ని తీసుకున్న అరిజోనా ఆ ఏడాది మూడే మ్యాచ్‌లు గెలిచింది, కోచ్‌ని తీసేసింది, ఏడాది తిరక్కుండానే కైలర్ మరేని తెచ్చి రోజన్‌ని మయామీకి పంపింది. అతను మళ్లీ నిలదొక్కుకోలేదు. మూడో స్థానంలో వెళ్లిన శామ్ డార్నాల్డ్‌కి న్యూయార్క్ జెట్స్‌లో మూడేళ్లు చీకటే. చేతులు మారి మారి 2024లో మిన్నెసోటా చేరితే, అదే డార్నాల్డ్ 14 మ్యాచ్‌లు గెలిచాడు. క్లీవ్‌లాండ్ వదిలించుకున్న మేఫీల్డ్ టాంపా బేలో తేరుకున్నాడు. రిసీవర్‌గా మారితే మంచిదని కొందరు సలహా ఇచ్చిన లామార్ జాక్సన్ 32వ స్థానంలో బాల్టిమోర్‌కి వెళ్లాడు. వాళ్లు ఆట మొత్తాన్ని అతని కాళ్లకు అనువుగా తిరగరాశారు, అతను రెండుసార్లు ఎంవీపీ, అంటే లీగ్ అత్యుత్తమ ఆటగాడు, అయ్యాడు. డార్నాల్డ్ పొడవు న్యూయార్క్ నుంచి మిన్నెసోటాకి వెళ్లేలోగా పెరగలేదు. మొదట్లో నేను కుర్రాడి చేతిలో లేనిదని అన్నది దీన్నే: ఏ జట్టు తీసుకుంటుందన్నది. టేపు పట్టుకుని కుర్రాళ్లను కొలిచేంత శ్రద్ధగా జట్లు తమ లైన్‌మెన్‌నీ, తమ కోచ్‌ని ఎన్నాళ్లు ఉంచుతామన్న సంగతినీ కొలుచుకోవు.

బరువు గురించి ఒక్క మాట. పొడవుకన్నా దేహం తూకం గురించి అడగడం న్యాయమైన ప్రశ్న, ఎందుకంటే దెబ్బలు తినేది దేహం. బ్రైస్ యంగ్ డ్రాఫ్ట్ ముందు తూకంలో 204 పౌండ్లు తూగాడు, అదే అతనికి ఎక్కువ అన్నారు. తొలి ఏడాది అతన్ని 62 సార్లు పడగొట్టారు. అయితే ఆరడుగుల నాలుగంగుళాల ఆండ్రూ లక్ కూడా ఇండియానాపోలిస్ లైన్ వెనక దెబ్బలు తిని తిని 29 ఏళ్లకే 2019లో ఆట మానేశాడు. అన్ని దెబ్బలు తగిలితే ఏ దేహమూ తట్టుకోదు.

చేతినీ పొడవునీ నమ్మలేనప్పుడు బుర్రను కొలుద్దామని కూడా చూశారు. 12 నిమిషాల్లో 50 ప్రశ్నల వండర్లిక్ పరీక్షను దశాబ్దాలపాటు పెట్టి, 2022లో ఆపేశారు. తర్వాత తెర మీద క్షణాల్లో నిర్ణయాలు తీసుకోవాల్సిన ఎస్2 అనే పరీక్ష మోజు వచ్చింది. 2023లో సీజే స్ట్రౌడ్‌కి అందులో చాలా తక్కువ మార్కులు వచ్చాయని డ్రాఫ్ట్ ముందే వార్తలు పొక్కాయి. హ్యూస్టన్ అతన్ని రెండో స్థానంలో తీసుకుంది. ఆ ఏడాది 4,108 గజాలు, 23 టచ్‌డౌన్లు, అయిదంటే అయిదు ఇంటర్‌సెప్షన్లు, దాడి విభాగంలో ఉత్తమ కొత్త ఆటగాడి పురస్కారం. పరీక్ష పరువు పోయింది. మరుసటి ఏడాది ముందున్న లైన్ కూలిపోయింది, స్ట్రౌడ్‌ని 52 సార్లు పడగొట్టారు, ఇంటర్‌సెప్షన్లు పన్నెండుకి చేరాయి.